తపాలా ఎవరి చేతికిస్తున్నాం? - వి.పి.ఎన్. ఎంచుకునేవారికి కొన్ని మాటలు

ఈ ఏడాది సంచికకు ఏదైనా రాసివ్వమని మన విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి అడిగినప్పుడు, "నాకు కథలూ కవితలూ రావు నాయనా, పాఠమైతే చెప్పగలను" అన్నాను. "పాఠమే ఇవ్వండి సార్, కాకపోతే పరీక్షలో రాని పాఠం ఇవ్వండి" అన్నాడతను. పరీక్షలో రానిదీ, నేను స్వయంగా తప్పు చేసి నేర్చుకున్నదీ అయిన పాఠం ఒకటుంది. అదే రాస్తున్నాను. కంప్యూటర్ సైన్సు విద్యార్థులకు ఇందులో కొంత తెలిసిన సంగతే అనిపించవచ్చు, వాళ్లు కాస్త ఓపిక పట్టాలి. తెలుగు, చరిత్ర, కామర్సు శాఖల మిత్రులు మాత్రం పేరు చూసి బెదిరి పేజీ తిప్పెయ్యవద్దని మనవి.

మా అక్క వాళ్లది జగిత్యాల దగ్గర ఒక పల్లె. బావ చాలా ఏళ్లుగా షార్జాలో పని చేస్తున్నాడు. 2019లో ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు. అప్పట్లో అక్కడ వాట్సాప్ లో రాత నడిచేది గాని మాట నడిచేది కాదు. ఆ దేశపు టెలిఫోన్ శాఖ అనుమతి ఉన్న యాప్ లలోనే ఇంటర్నెట్ కాల్స్ చేసుకోవాలి. "బామ్మర్దీ, మా రూంల పోరగాండ్లంత ఏందో వీపీఎన్ ఏస్కొని ఇంటికి వీడియో కాల్ చేస్తున్రు. నాకు గూడ ఏది మంచిదో చెప్పరాదు. నువ్వు కంప్యూటర్ సారువు గదా" అన్నాడు. నేనేమో జవాబు పత్రాలు దిద్దే హడావుడిలో ఉన్నాను. "ఏదో ఒకటి వేసుకో బావా, ఉచితంగా బోలెడున్నయ్, చుక్కలు ఎక్కువున్నది చూస్కో" అని ఫోన్ పెట్టేశాను. పావు నిమిషంలో ఇచ్చిన సలహా అది.

2022 వేసవిలో బావ సెలవు మీద వచ్చాడు. ఫోన్ ఊరికే వేడెక్కుతోందనీ, డేటా ఎటు పోతోందో తెలియడం లేదనీ నా చేతిలో పెట్టాడు. అరుగు మీద కూర్చుని చూశాను. నేను చెప్పినట్టే చుక్కలు ఎక్కువున్న ఉచిత వి.పి.ఎన్. ఒకటి వేసుకున్నాడు. బ్యాటరీలో సింహభాగం అదే తింటోంది. ఫోన్ లోని పేర్ల పట్టికకీ, ఉన్న చోటు తెలుసుకోవడానికీ కూడా అది అనుమతి తీసుకుని ఉంది. కాల్ చేసుకోవడానికి సాయపడే యాప్ కు మా అక్క నంబరూ, వాళ్ల మేస్త్రీ నంబరూ దేనికి? డేటా లెక్క చూస్తే, మనిషి నిద్రపోయే వేళ కూడా ఫోన్ లోంచి బయటికి బాగానే పోతోంది. చివరికి దాని నిబంధనల కాగితం తెరిచి, వకీలు ఇంగ్లీషులో ఉన్న ఆ పుటలన్నీ చదివాను. మధ్యలో ఎక్కడో ఒక పేరా. దాని తాత్పర్యం ఇది: మీరు డబ్బు కట్టడం లేదు కాబట్టి, మీ ఫోన్ ఖాళీగా ఉన్నప్పుడు మీ కనెక్షన్ ను మా ఇతర ఖాతాదారులు వాడుకుంటారు.

అంటే మూడేళ్లుగా మా బావ ఇంటర్నెట్ చిరునామా మీద ముక్కూ మొహం తెలియనివాళ్లు ఏదో చేసుకుంటూ ఉన్నారన్నమాట. అది మంచిపనే కావచ్చు, కాకనూ పోవచ్చు. పట్టుబడితే మాత్రం పోలీసులకు కనపడే చిరునామా మా బావదే. ఉన్నది పరాయి దేశం. ఆ దేశపు సైబర్ నేరాల చట్టంలో, 2016లో చేసిన సవరణ ప్రకారమైనా, 2021లో తెచ్చిన కొత్త చట్టం ప్రకారమైనా, నేరం చెయ్యడానికో, చేసింది బయటపడకుండా దాచడానికో ఇంటర్నెట్ చిరునామాను మార్చుకుంటే జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా ఉంటుంది. అప్పటి మారకం లెక్కన తక్కువలో తక్కువ కోటి రూపాయలు. వి.పి.ఎన్. పెట్టుకోవడమే నేరమని అందులో లేదు. కంపెనీలు తమ పనికి వాడుకోవచ్చని 2016లో అక్కడి టెలిఫోన్ నియంత్రణ సంస్థే చెప్పింది. కానీ అనుమతి లేని కాల్ సర్వీసును దాంతో వాడితే అది గీతకు ఇవతలా అవతలా అన్నది వకీళ్లు తేల్చవలసిన విషయం. మేస్త్రీ కింద పనిచేసే మనిషి దాన్ని కోర్టులో తేల్చుకోగలడా? ఇంత తతంగం ఉన్న దాని గురించి, ఎమ్మెస్సీకి నెట్ వర్క్స్ పేపరు చెప్పే నేను "ఏదో ఒకటి వేసుకో" అన్నాను.

ఇక పాఠంలోకి వద్దాం.

వి.పి.ఎన్. అంటే ఏమిటో తపాలా లెక్కన చెబుతాను. మీరు హాస్టల్లో ఉన్నారనుకోండి. మీరు రాసే ఉత్తరాలన్నీ ఊరి పోస్టుమాన్ చేతి మీదుగా పోతాయి. ఎవరెవరికి రాస్తున్నారో, రోజుకెన్ని రాస్తున్నారో అతనికి తెలుస్తుంది. కార్డు రాస్తే అందులో ఏముందో కూడా చదవగలడు. ఇది మీకు నచ్చలేదు. అప్పుడు ఏం చేస్తారంటే, ఉత్తరాలన్నీ ఒక గట్టి కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, ఇంకో ఊళ్లో ఉన్న ఒక మనిషికి పంపుతారు. అతను ముద్ర తీసి, లోపలి ఉత్తరాలను తన ఊరి డబ్బాలో వేస్తాడు. జవాబులు అతనికే వస్తాయి, వాటిని మళ్లీ కవరులో పెట్టి మీకు పంపుతాడు. ఇప్పుడు మన పోస్టుమాన్ కు తెలిసేది మీరు ఆ ఒక్క మనిషికి రాస్తున్నారన్న సంగతి మాత్రమే. ఉత్తరం అందుకున్నవాడికేమో అది ఆ ఊరి నుంచి వచ్చినట్టు కనపడుతుంది. ఇక్కడ పోస్టుమాన్ అంటే మీకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ. పక్క ఊరి మనిషి వి.పి.ఎన్. కంపెనీ.

మరి ఇంతకుముందు పోస్టుమాన్ కు తెలిసినవన్నీ ఇప్పుడెవరికి తెలుస్తున్నాయి? ఆ పక్క ఊరి మనిషికి. రహస్యం మాయమైపోలేదు, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారిందంతే. పోస్టుమాన్ అయినా మన ఊళ్లో సైకిలు మీద తిరిగేవాడు, ఫిర్యాదు చెయ్యడానికి ఒక ఆఫీసుంది. ఈ మనిషి ఎవరు? ఎక్కడుంటాడు? ఎవరి జీతగాడు? మా బావ విషయంలో నేను వెయ్యవలసిన ప్రశ్నలు ఇవే.

నిజానికి వి.పి.ఎన్. పుట్టింది దాక్కోవడానికి కాదు. ఊరు దాటి వెళ్లిన ఉద్యోగి ఆఫీసు కంప్యూటర్లను ఆఫీసులో కూర్చున్నట్టే వాడుకోవడానికి పుట్టింది. 1990ల మధ్యలో మైక్రోసాఫ్ట్ వాళ్లు పి.పి.టి.పి. అనే పద్ధతి తయారుచేసింది దానికే. 2020లో కరోనా లాక్ డౌన్ వచ్చినప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల పని ఊళ్లలోని వసారాల్లోంచి, వేపచెట్ల కిందనుంచి నడిచిందంటే అది ఈ ఆఫీసు వి.పి.ఎన్. ల చలవే. అక్కడ ప్రశ్న లేదు, ఆ పక్క ఊరి మనిషి మీ యజమానే. (అందుకే ఆఫీసు లాప్ టాప్ లో సొంత వ్యవహారాలు చూసుకోవద్దు. అన్నీ ఆయన కళ్ల ముందునుంచే పోతాయి.) నేను చెబుతున్నది డబ్బిచ్చో, ఇవ్వకుండానో మనం బజార్లో తెచ్చుకునే రకం గురించి.

అసలు మీకది కావాలా అన్నది ముందు చూసుకోండి. పదిహేనేళ్ల కింద రైల్వేస్టేషన్ వైఫైలో కూర్చుంటే పక్కవాడు మన పాస్ వర్డు లాగేసుకోగలిగేవాడు, అప్పట్లో చాలా ఉత్తరాలు కార్డుల మాదిరి పోయేవి కాబట్టి. ఇప్పుడు బ్యాంకు, మెయిలు, దాదాపు అన్ని పేరున్న సైట్లూ హెచ్.టి.టి.పి.ఎస్. పద్ధతిలో నడుస్తున్నాయి. అంటే లోపలి ఉత్తరం కూడా అంటించిన కవరే. పైన చిరునామా తెలుస్తుంది, లోపలి రాత తెలియదు. కాబట్టి "వి.పి.ఎన్. లేకపోతే మీ బ్యాంకు డబ్బు గోవిందా" అని ప్రకటనల్లో బెదిరించేవాడిని నమ్మకండి. కరెంటు బిల్లు పేరుతో లింకు పంపి ఓ.టి.పి. అడిగేవాడి నుంచి ఏ వి.పి.ఎన్. కాపాడలేదు. మీ పేరుతో గూగుల్లోకి వెళ్లి కూర్చుని "నేనెవరో గూగుల్ కు తెలియదు" అనుకోవడం, కాలేజీ గుర్తింపు కార్డు మెళ్లో వేసుకుని ముసుగు వేసుకున్నట్టే. మీరు వెళ్లే చోట్ల పేర్లు మీ ఇంటర్నెట్ కంపెనీకో, హోటల్ వైఫై వాడికో తెలియకూడదనుకుంటే, లేదా మీరు ఉన్న చోటు అవతలి సైటుకు తెలియకూడదనుకుంటే వి.పి.ఎన్. పనికొస్తుంది. ఇంకో మాట, విదేశీ చిరునామాతో వెళ్తే కొన్ని బ్యాంకుల యాప్ లు అనుమానించి తలుపు వేసేస్తాయి. అప్పుడు దాన్ని ఆపి వెళ్లాలి, కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు ఉచిత వి.పి.ఎన్. ల సంగతి. ఇక్కడ కొంచెం నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే మన విద్యార్థుల్లో నూటికి తొంభైమంది మొదట చెయ్యి చాచేది అటే.

2016లో ఆస్ట్రేలియా దేశపు సి.ఎస్.ఐ.ఆర్.ఓ. శాస్త్రజ్ఞులు, మరికొన్ని విశ్వవిద్యాలయాల వాళ్లతో కలిసి, ఆండ్రాయిడ్ లో దొరికే 283 వి.పి.ఎన్. యాప్ లను విప్పి చూశారు. నూటికి 18 యాప్ లు అసలు రహస్య లిపిలోకి మార్చకుండానే సరుకు మోస్తున్నాయి. అంటే లక్క ముద్ర లేని కవరు. 38 శాతంలో చెడ్డ ప్రోగ్రాముల ఆనవాళ్లు దొరికాయి. 75 శాతం యాప్ లు మన కదలికలను గమనించే ఇతర కంపెనీల తునకలను లోపల పెట్టుకుని ఉన్నాయి. మనల్ని ఎవరూ చూడకూడదని తెచ్చుకున్న తెరకే కన్నాలు పెట్టి చూస్తున్నారన్నమాట.

ఇది చిన్నా చితకా వాళ్ల పని మాత్రమే అనుకోకండి. ఒనావో అనే యాప్ ను 2013లో ఫేస్ బుక్ కొనేసింది. "మీ డేటాను కాపాడుతాం" అనే పేరుతోనే అది నడిచింది. జనం తమ ఫోన్లలో ఏయే యాప్ లు ఎంతసేపు వాడుతున్నారన్నది దాని ద్వారా ఆ కంపెనీకి తెలుస్తూ ఉండేది. 2018లో ఆపిల్ దాన్ని తన దుకాణంలోంచి తీయించింది, 2019లో మూతపడింది. ఈ వ్యవహారానికే 2023లో ఆస్ట్రేలియా కోర్టు ఫేస్ బుక్ అనుబంధ సంస్థలకు మొత్తం 2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు జరిమానా వేసింది.

మా బావకు జరిగిన రకం 2015లోనే బయటపడింది. హోలా అనే ఉచిత సర్వీసు తన వాడకందార్ల కనెక్షన్లనే ఇతరులకు దారిగా అద్దెకిస్తోందని అప్పుడు లోకానికి తెలిసింది. అంతకంటే పెద్దది 2024 మే నెలలో అమెరికా ప్రభుత్వం కూలదోసిన 911 ఎస్5 అనే వల. మాస్క్ వి.పి.ఎన్., డ్యూ వి.పి.ఎన్. లాంటి ఉచిత యాప్ లు వేసుకున్నవాళ్ల కంప్యూటర్లను వాళ్లకు తెలియకుండానే దారులుగా మార్చి నేరగాళ్లకు అమ్మారు. ప్రపంచమంతటా 1 కోటి 90 లక్షల ఇంటర్నెట్ చిరునామాలు దాంట్లో చిక్కుకున్నాయని లెక్క తేల్చారు. ఆ వార్త చదివిన రోజు నాకు అరుగు మీద చదివిన ఆ పేరా గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

ఉచితమన్నది ప్రతిదీ మోసం కాదు. డబ్బిచ్చే ఖాతాదారులున్న కంపెనీలు కొన్ని, రుచి చూపించడానికి ఒక చిన్న ఉచిత భాగం పెడతాయి. ప్రోటాన్ వాళ్లది అలాంటిది. దాని ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో మనకు కనపడుతూనే ఉంది. ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో కనపడకపోతే, పెట్టుకుంటున్నది మీరే.

డబ్బిచ్చి తీసుకుందాం సరే, ఎవరి దగ్గర? ప్రతి కంపెనీ వాడూ "మేం ఏ లాగులూ ఉంచం" అంటాడు. లాగు అంటే మన లెక్కలో నమోదు పుస్తకం. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎటు వెళ్లారు అని రాసిపెట్టుకునేది. హాస్టల్ గేటు దగ్గర వాచ్ మాన్ పుస్తకం లాంటిదే. పుస్తకమే లేకపోతే పోలీసులొచ్చినా, దొంగలొచ్చినా చూడ్డానికి ఏమీ ఉండదు. ఈ మాట అనడం తేలిక. నిజమో కాదో తెలిసేది ఎవరో వచ్చి తలుపు తట్టినప్పుడే.

2017లో అమెరికాలో ఒక స్త్రీని వేధించిన కేసులో ఎఫ్.బి.ఐ. వాళ్లు కోర్టుకిచ్చిన కాగితంలో ప్యూర్ వి.పి.ఎన్. నమోదులు తమకు ఉపయోగపడ్డాయని రాశారు. అప్పటికి ఆ కంపెనీ లాగులు ఉంచమని చెప్పుకుంటూనే ఉంది. నేరస్తుడు దొరకడం మంచిదే, అందులో నాకు రెండో మాట లేదు. నేను చూస్తున్నది చెప్పిన మాటకూ చేసిన పనికీ ఉన్న తేడా. 2020 జులైలో హాంకాంగ్ కేంద్రంగా నడిచే యు.ఎఫ్.ఓ. వి.పి.ఎన్., దాని తోబుట్టువుల్లాంటి మరో ఆరు యాప్ లు ఇంకా అన్యాయం. "పుస్తకమే లేదు" అన్నవాళ్ల పుస్తకం, ఖాతాదారుల వివరాలతో సహా, తాళం లేకుండా ఇంటర్నెట్ మీద పడి ఉండగా పరిశోధకులకు కనపడింది. ఒకటిన్నర వందల పుటలు కాదు, 1.2 టెరాబైట్లు.

రెండో పక్క చూడండి. 2016లో అమెరికాలోని ఒక కేసులో ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్ అనే కంపెనీని ఎఫ్.బి.ఐ. అడిగితే, ఇవ్వడానికి వాళ్ల దగ్గర నమోదు లేదని కోర్టు కాగితాల్లోనే తేలింది. టర్కీలో రష్యా రాయబారి హత్య కేసు దర్యాప్తులో అక్కడి అధికారులు ఎక్స్ ప్రెస్ వి.పి.ఎన్. వాళ్ల సర్వరునే స్వాధీనం చేసుకున్నారు, వాళ్లకు కావలసింది అందులో దొరకలేదు. 2023 ఏప్రిల్ 18న స్వీడన్ పోలీసులు ముల్వాడ్ అనే కంపెనీ ఆఫీసుకు సోదా ఉత్తర్వుతో వెళ్లి ఉత్త చేతులతో తిరిగివచ్చారు. ఈ ముల్వాడ్ వాళ్లు పేరు, మెయిలు కూడా అడగరు. ఒక అంకె ఇస్తారు, అదే మీ ఖాతా. కావాలంటే కవరులో నోట్లు పెట్టి పోస్టులో పంపినా తీసుకుంటారు. (వాళ్లు నాకేమీ మామూలు ఇవ్వలేదు. ఉదాహరణ బాగుందని చెబుతున్నాను.) ఇలా తలుపు తట్టించుకున్న చరిత్ర ఉందా అన్నది మొదట చూడండి. అది లేకపోతే, బయటి ఆడిటర్ల చేత తనిఖీ చేయించుకుని ఆ నివేదికను అందరికీ చదవనిస్తున్నారా అన్నది రెండోది. తనిఖీ అంటే ఆ వారం రోజుల సంగతి మాత్రమే. ఇన్ స్పెక్టర్ గారు వచ్చే రోజు బడి ఊడ్చి ఉంచడం మనం ఎరగనిది కాదు. అందుకని ఒక్కసారి చేయించుకున్నవాళ్లకంటే ఏటేటా చేయించుకునేవాళ్లు నయం.

దెబ్బ తగిలినప్పుడు ఎలా ప్రవర్తించారన్నది కూడా ముఖ్యమే. నార్డ్ వి.పి.ఎన్. వాళ్లు ఫిన్లండ్ లో అద్దెకు తీసుకున్న ఒక సర్వరులోకి 2018 మార్చిలో ఎవరో చొరబడ్డారు. ఆ సంగతి కంపెనీ లోకానికి చెప్పింది 2019 అక్టోబరులో. తర్వాత తనిఖీలు చేయించుకుని పద్ధతులు మార్చుకున్నారు, అది నిజమే. కానీ వాడుకునేవాడికి ఆ ఆలస్యం గుర్తుండాలి.

కంపెనీ ఏ దేశపు చట్టం కింద ఉందన్నది మూడో ప్రశ్న. ఇది మనకు దగ్గరి విషయం. 2022 ఏప్రిల్ 28న మన దేశపు సెర్ట్-ఇన్ ఒక ఆదేశం ఇచ్చింది. ప్రజలకు వి.పి.ఎన్. అమ్మేవాళ్లు ఖాతాదారు పేరు, సరిచూసిన చిరునామా, ఫోన్ నంబరు, ఇచ్చిన ఇంటర్నెట్ చిరునామా, ఎందుకోసం తీసుకున్నారన్నదీ రాసి, అయిదేళ్లు లేదా అంతకుమించి భద్రపరచాలి. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం నడుపుకునే వాటికి ఇది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. గడువు ఆ ఏడు సెప్టెంబరు 25 దాకా పొడిగించారు. నమోదు పుస్తకం ఉంచమన్న చట్టం ఉన్నచోట, పుస్తకం లేదన్న మాట ఎలా నిలుస్తుంది? ఎక్స్ ప్రెస్, సర్ఫ్ షార్క్, నార్డ్, ప్రోటాన్ ఒకరి వెనక ఒకరు ఇండియాలోని సర్వర్లు తీసేశారు. కొందరు "ఇండియా" అనే పేరుతో సింగపూర్ లోనో, లండన్ లోనో పెట్టిన సర్వర్లు చూపిస్తున్నారు. ఆదేశం మంచిదా చెడ్డదా అని మా స్టాఫ్ రూములో రెండు పూటలు వాదించుకున్నాం. సైబర్ నేరస్తులను పట్టుకోవడానికి ఇంకే దారుందని ఒకాయన, పాత్రికేయుడి మూలం బయటపడితే బాధ్యత ఎవరిదని ఇంకొకాయన. నా అభిప్రాయం రెండో ఆయన వైపు. అయితే మీరు తేల్చుకోవలసింది చిన్నది. మీరు కొనే కంపెనీ ఈ ఆదేశం కింద ఉందో లేదో, ఉంటే మీ గురించి ఏం రాసిపెడుతుందో కొనకముందే చదువుకోండి.

ఇక యజమాని. పది పేర్లు పోల్చి చూశాం, మంచిది తీసుకున్నాం అనుకుంటారు. ఆ పదిలో నాలుగు ఒకే ఇంటివి కావచ్చు. కేప్ టెక్నాలజీస్ అనే సంస్థ, పూర్వాశ్రమంలో దాని పేరు క్రాస్ రైడర్, ప్రకటనల వ్యాపారంలో ఉండేది, 2017లో సైబర్ ఘోస్ట్, 2018లో జెన్ మేట్, 2019లో ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్, 2021లో ఎక్స్ ప్రెస్ కొన్నది. నార్డ్, సర్ఫ్ షార్క్ కంపెనీలు 2022లో ఒకటయ్యాయి. ఇది తప్పని కాదు. కానీ అదే 2021లో కేప్ వాళ్లు వి.పి.ఎన్. లకు మార్కులు వేసే సైట్ల యజమాన్యాన్ని కూడా కొన్నారు. పరీక్ష రాసే కుర్రాడి నాన్నగారే పేపర్లు దిద్దినట్టు! మిగతా మార్కుల సైట్లలో చాలావాటికి, తమ లింకు ద్వారా ఎవరైనా కొంటే కమిషను వస్తుంది. అందుకే "టాప్ టెన్" పట్టికలకు నేను తెలుగు సినిమా పోస్టరు మీది చుక్కలకిచ్చే విలువే ఇస్తాను.

సాంకేతిక విషయాలు క్లుప్తంగా చెబుతాను. లక్క ముద్ర వేసే పద్ధతులు రకరకాలు. నేను పైన చెప్పిన పి.పి.టి.పి. పాతబడింది, దాని తాళం ఒక రోజులో తెరవచ్చని 2012లోనే చూపించారు. దాన్నే ఇంకా గొప్పగా చెప్పుకునే దుకాణానికి దండం పెట్టి వచ్చెయ్యండి. 2001లో వచ్చిన ఓపెన్ వి.పి.ఎన్. నమ్మకస్తురాలు, కాస్త బరువు. వైర్ గార్డ్ కొత్తది. 2020 మార్చిలో లినక్స్ కెర్నెల్ 5.6లో చేరింది. మొత్తం ప్రోగ్రాము దాదాపు నాలుగు వేల పంక్తులే కాబట్టి తప్పులు వెతకడం తేలిక, వేగమూ ఎక్కువ. ఫోన్లకు ఐ.కె.ఇ.వి.2 కూడా బాగుంటుంది. ఈ మూడింట్లో ఒకటి ఉంటే చాలు. "మిలిటరీ స్థాయి రహస్యలిపి" అన్న మాట చూసి మురిసిపోకండి, మీ బ్యాంకు సైటు వాడేదీ అదే.

వేగం విషయంలో ఒక చిన్న లెక్క. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి సింగపూర్ సుమారు 3,300 కిలోమీటర్లు, పోయి రావడానికి 33 మిల్లీసెకన్లు. న్యూయార్కు సుమారు 13,000, పోయి రావడానికి 130. తీగ సూటిగా పోదు కాబట్టి అసలుది ఇంకా ఎక్కువే. ఏ కంపెనీ ఎంత డబ్బు పెట్టినా ఈ లెక్క కింద పడిపోవలసిందే. అందుకని "వంద దేశాల్లో సర్వర్లు" అన్నదానికంటే మీకు దగ్గర్లో ఉన్నాయా అన్నది చూడండి.

కొన్నాక పరీక్ష చెయ్యండి. పేరున్న కంపెనీలు చాలావరకు నెలరోజుల్లోపు డబ్బు వాపసు ఇస్తాయి, ఆ నెల మీ ప్రయోగశాల. మా ఎమ్మెస్సీ పిల్లలతో లాబ్ లో నేను ఏటా ఇది చేయిస్తాను. వి.పి.ఎన్. వెయ్యకముందు మీ ఇంటర్నెట్ చిరునామా ఎంతో ఏదైనా చూపించే సైటులో చూసి కాగితం మీద రాసుకోండి. వేసి మళ్లీ చూడండి. మారాలి. పొడుగాటి కొత్త రకం చిరునామా, ఐ.పి.వి.6 ది, అది కూడా మారిందా లేక మాయమైందా చూడండి. జియో లాంటి కనెక్షన్లలో అది తప్పకుండా ఉంటుంది, ఇంటి ముందు తలుపు వేసి దొడ్డి తలుపు తీసి ఉంచే వి.పి.ఎన్. లు దొరికిపోయేది ఇక్కడే. తర్వాత డి.ఎన్.ఎస్. పరీక్ష. సైటు పేరును అంకెగా మార్చి చెప్పే పట్టిక ఇంకా మీ పాత ఇంటర్నెట్ కంపెనీదే అయితే, మీరు ఎక్కడికి వెళ్తున్నారో వాళ్లకు తెలుస్తూనే ఉంది. చివరగా, ఏదైనా పెద్ద ఫైలు దిగుతుండగా వైఫై ఆపి మళ్లీ పెట్టండి. మధ్యలో వి.పి.ఎన్. తెగిన క్షణంలో దిగుబడి ఆగిపోవాలి. అలా ఆపే ఏర్పాటును కిల్ స్విచ్ అంటారు. ఆగకుండా సాగిపోతే ఆ స్విచ్ బొమ్మకే ఉందన్నమాట. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగులలోనే, వి.పి.ఎన్. లేనిదే ఏ కనెక్షనూ పోకుండా ఆపే మీట ఒకటుంది, అది వేసుకోండి. 2024 మేలో టన్నెల్ విజన్ అనే లోపం బయటపడింది. మీరు చేరిన వైఫై యజమానే తలచుకుంటే, వి.పి.ఎన్. నడుస్తుండగానే మీ సరుకును పక్కదారి పట్టించగలడు. ఆండ్రాయిడ్ కు ఆ బెడద లేదు, లాప్ టాప్ లకు ఉంది. కాబట్టి ముక్కూ మొహం తెలియని వైఫైలో ముఖ్యమైన పనికి ఫోన్ హాట్ స్పాటే మేలు.

ధర దగ్గర ఒకటే చెబుతాను. రెండేళ్లకు, మూడేళ్లకు కట్టించుకుని నెలకు ఇంతే అని చిన్న అంకె చూపిస్తారు. గడువు తీరగానే పెద్ద అంకెతో కార్డులోంచి దానంతటదే కోసుకుంటారు. తిరిగి కట్టేటప్పుడు ఎంతో అడగండి, కొన్న రోజే ఆ ఆటోమేటిక్ కోత ఆపెయ్యండి. "జీవితకాలం" పథకాలు వద్దు, ఎవరి జీవితకాలమో వాళ్లు చెప్పరు.

మా బావ సంగతి చెప్పకుండా వదిలేశాను. ఆ రోజు అరుగు మీదే ఆ యాప్ తీసేశాం. ఫోన్ మొత్తం తుడిచి కొత్తగా పెట్టాం. పాస్ వర్డులన్నీ మార్చాం. అక్క పెళ్లిరోజు, పెద్దమ్మాయి పేరు, ట్రాక్టరు నంబరు, ఇవే ఆయన పాస్ వర్డులు. ఇంకో మంచి వి.పి.ఎన్. కొనిపెడతానని నేను అనబోయాను. అక్క ఒప్పుకోలేదు. "వద్దు తమ్మీ, ఆ జైలూ జుర్మానా మనకెందుకు. ఆడ సర్కారు ఒప్పుకున్న దాంట్లనే మాట్లాడుకుంటం" అంది. మూడు పుటల వ్యాసం రాసిన నాకంటే ఆమె ముందే పాయింటుకు వచ్చింది. వి.పి.ఎన్. ఎంచుకోవడంలో, అసలు ఎంచుకోకపోవడం కూడా ఒకటని నాకు తట్టనేలేదు. అక్కడ అనుమతి ఉన్న బొటిమ్ అనే యాప్ ను ఇద్దరి ఫోన్లలో వేసి, వంటింట్లో ఒకరు, పశువుల కొట్టం దగ్గర ఒకరు నిలబడి మాట్లాడి చూసుకున్నారు. కొట్టం దగ్గర సిగ్నల్ సరిగా లేక బావ బొమ్మ ఆగి ఆగి వచ్చింది.

సెలవు అయిపోయి బావ వెళ్లిన వారానికి ఫోన్ వచ్చింది. "బామ్మర్దీ, రూంల పోరగాండ్ల ఫోన్లు గూడ పట్కొచ్చిన. ఆరుగురున్నరు. నిమ్మళంగ చెప్పు, ఏం చూడమంటవో ఒక్కొక్కటి చూస్త" అన్నాడు. జవాబు పత్రాలు పక్కన పెట్టాను. ఆ రాత్రి రెండు గంటల సేపు మాట్లాడాం.